ఆకురాయి పట్టించిన మాస్టారు

మాస్టారు పోయారని మా నాన్న రాంచీలో ఉన్న నా ఆఫీసుకి ట్రంక్‌కాల్ చేసి చెప్పారు. లైను సరిగా లేదు. "ఎవరు? ఎవరు?" అని రెండుసార్లు అడిగాను. "మీ గోల్‌మురీ మాస్టారేనమ్మా. పొద్దుట టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కుర్సీలో కూకున్నారట. మరి లెగనేదు" అన్నారు నాన్న. "ఎవరెవరికి కబురు చెప్పాలి?" అని అడిగాను. "ఎవులికి సెప్పాలో నాకేటి తెల్సు, నీకే తెలియాల" అని ఆయన ఫోను పెట్టేశారు.

నిజమే, నాకే తెలియాలి. మాస్టారి భార్య ఎప్పుడో పోయారు, పిల్లలు లేరు. దహనం చేసింది తమ్ముడి కొడుకు. కానీ కబురు అందాల్సినవాళ్ళు ఒక వందమందైనా ఉంటారు. వాళ్ళలో కొందరు నాలాగ ఆయన దగ్గర పని నేర్చుకున్న వలంటీర్లు. వాళ్ళకి కార్డులు రాశాను. మిగతావాళ్ళు రిమాండ్ హోమ్‌లో కొన్నాళ్ళు ఉండి వెళ్ళిన కుర్రాళ్ళు. వాళ్ళ చిరునామాలు మా దగ్గర ఉండవు. కేసు తీరిపోయాక చిరునామా చింపెయ్యాలని మాస్టారే రూలు పెట్టారు. అందుకని ఇలా పత్రికకి రాస్తున్నాను. ఎవరో ఒకరు చదివి ఇంకొకరికి చెప్తారని ఆశ.

మాస్టారు టాటానగర్ దగ్గర గోల్‌మురిలో ఒక కార్ఖానా ట్రైనింగ్ షాపులో ముప్ఫయ్యేళ్ళు అప్రెంటిస్‌లకి పని నేర్పారు. వయసులో ఉండగా శ్రీకాకుళం వైపు నుంచి మా నాన్నా ఆయనా ఒకే రైలెక్కి ఆ ఊరొచ్చారు. నాన్న టాటానగర్ స్టేషనులో దిగి అక్కడే పార్సెల్ ఆఫీసులో ఉండిపోయారు. మాస్టారు ఇంకొంచెం ముందుకెళ్ళి కార్ఖానా గేటులో దూరారు. తెలుగువాళ్ళంతా ఆయన్ని మాస్టారనేవాళ్ళు, మిగతా ఊరంతా ఉస్తాద్ అనేది. మిషన్ల రొదలో అన్నేళ్ళు గడిపినందువల్ల చెవులు మందగించాయి. ఆయనకి గుసగుసగా మాట్లాడటం చేతకాదు. రహస్యం చెప్పాల్సి వస్తే చిన్న చీటీ మీద రాసి చూపించి, వెంటనే ముక్కలు చేసి జేబులో వేసుకునేవారు. ఆ జేబు ఎప్పుడూ కాగితం ముక్కలతో ఉబ్బి ఉండేది. దోబీ ఆయన్ని రోజూ తిట్టుకునేవాడు.

పంతొమ్మిదివందల డెబ్బైల మధ్యలో ఆయన రిటైరయ్యారు. అందరూ ఊరెళ్ళిపోతారనుకున్నారు. ఆయన మాత్రం వారం తిరక్కుండా రిమాండ్ హోమ్ సూపరింటెండెంట్ దగ్గరకెళ్ళి, వెనకాల ఖాళీగా పడివున్న రేకుల షెడ్డు అడిగి పుచ్చుకున్నారు. అందులో ఒక బల్ల, దానికి ఇనుప ముక్కల్ని బిగించి పట్టే నాలుగు వైసులు. నేరం కేసుల్లో చిక్కుకుని వచ్చిన పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు మగపిల్లలు ఉండేవాళ్ళక్కడ. వాళ్ళకి పని నేర్పడం మొదలుపెట్టారు. ఇది తెలిసి ఊళ్ళో కాలేజీ విద్యార్థులు, కద్మా కాలనీ నుంచి ఇంజనీర్ల భార్యలు, ఒక బ్యాంకు గుమాస్తా, ఇలా ఒక్కొక్కరూ సాయం చేస్తామంటూ రావడం మొదలైంది. వచ్చినంత వేగంగానూ మానేస్తూ ఉండేవాళ్ళు.

నేనూ అలాగే వెళ్ళాను. బీయే అయిపోయి, టైపు క్లాసుకెళ్తూ, ఏదో సేవ చెయ్యాలని ఉబలాటపడుతున్న రోజులవి. ఆదివారం మధ్యాహ్నం అమ్మ చేత చేయించిన బూందీ లడ్లు డబ్బానిండా పట్టుకుని, మంచి చీర కట్టుకుని, నాన్న సైకిలు వెనక కూర్చుని వెళ్ళాను. మాస్టారు నన్నూ డబ్బానీ మార్చి మార్చి చూశారు.

"ఆ డబ్బా అక్కడెట్టమ్మా. నీకు ఆకురాయి పట్టడం వచ్చా?" అన్నారు.

రాదన్నాను. ఇనుముని అరగదీసే ఆకురాయిని అప్పటిదాకా చేత్తో ముట్టుకోలేదు.

"అయితే నేర్సుకో. అదిగో, ఆడు నేర్పుతాడు" అని పదహారేళ్ళ కుర్రాణ్ణి చూపించారు.

అదండీ ఆయన పద్ధతి. ఆ పిల్లలకి ఏదో నేర్పుదామని వచ్చిన ప్రతివాళ్ళనీ ముందు ఆ పిల్లలకే శిష్యుల్ని చేసేవారు. వైసులో అరచేతి వెడల్పు ఇనుప ముక్క బిగించి, దాన్ని ఆకురాయితో నలుపక్కలా చదరంగా అరగదియ్యాలి. అప్రెంటిస్‌కి మొదటిరోజు ఇచ్చే పని అదే. పూర్తయిందనుకున్నాక ఆ కుర్రాడు మూలమట్టం ఆనించి, కిటికీ వెలుతురులో పెట్టి చూస్తాడు. సందులోంచి సన్నగా వెలుగు కనిపిస్తే తప్పు, మళ్ళీ మొదలు. సరిగా ఉంటే నా జాబ్ కార్డు మీద వాడు సంతకం పెడతాడు. కార్డులు మాస్టారే తయారుచేసేవారు. కార్ఖానాలో పారేసిన నీలం రంగు డ్రాయింగుల వెనకవైపు గీతలు గీసి కత్తిరించిన అట్టముక్కలవి. ఆ మొదటి సంతకం పడేవరకు వలంటీరు ఏ పిల్లవాడి కాగితాలూ చూడకూడదు, ఎవరికీ ఏ సలహా ఇవ్వకూడదు.

మూడో ఆదివారానికి నా అరిచేతులు బొబ్బలెక్కాయి. అయిదో ఆదివారానికి ఆ బ్యాంకు గుమాస్తా, "నేను సమాజసేవకి వచ్చాను గాని కమ్మరిపనికి కాదు" అని హిందీలో గట్టిగా అరిచి వెళ్ళిపోయాడు. నాక్కూడా అలాగే అరవాలనిపించింది. నా ముక్కని కిటికీకెత్తి చూసి, "ఫిర్ సే, దీదీ", మళ్ళీ చెయ్యి అక్కా అని ఆ కుర్రాడు ఎనిమిదిసార్లు తిప్పికొట్టాడు. ఒక్కసారీ నవ్వలేదు. నేనైతే నవ్వేదాన్నే. నా ఎదురుగా నిలబడి, తలకాయ పక్కకి వంచి, చేతిలో ఆకురాయి ఎలా ఊగుతోందో చూసి, నా మోచెయ్యి పట్టుకోకుండా తన మోచెయ్యి సర్దుకుని చూపించేవాడు. తొమ్మిదో ఆదివారం సంతకం పెట్టాడు. హిందీలో, వంకరటింకరగా, నాలుకకొస పళ్ళమధ్య పెట్టుకుని. బీయే పరీక్ష పాసైనప్పుడు కూడా నేను అంత సంతోషపడలేదు.

ఇదంతా ఎందుకని మాస్టారిని తర్వాత అడిగాను.

"ఈ పిల్లల్ని పొద్దున్నుంచి ఎవడో ఒకడు తప్పు పడతానే ఉంటాడు కదమ్మా. అందరి ముందర నీకు పని రాకపోతే ఎలాగుంటాదో నీకు తెల్వకపోతే, ఆల్లతో ఏటి మాటాడతావు? జాలితో వచ్చినోల్లు మూడు నెల్లుంటారు. పని నేర్సుకుందామని వచ్చినోల్లు ఉండిపోతారు" అన్నారు. చెవుడు కదా, షెడ్డు మొత్తం వినేలా అన్నారు. అన్నది హిందీలోనే, నేనే ఆయన తెలుగులోకి మార్చి రాశాను. పిల్లలు పని ఆపి చూశారు.

రెండో మెట్టు రాయడం. వారానికి ఒక పేజీ, ఒక పిల్లవాడి గురించి. చూసింది రాయాలి, అనుకున్నది రాయకూడదు. నా మొదటి పేజీలో "అబ్బాయి చాలా విచారంగా ఉన్నాడు" అని రాశాను. మాస్టారు ఎర్ర పెన్సిలుతో కింద గీతపెట్టి "ఎలా తెల్సింది?" అని రాసి తిప్పి పంపారు. నేను ఉడుక్కున్నాను. మళ్ళీ గుర్తు చేసుకుని, "రెండు రొట్టెలిస్తే ఒకటి తిని, ఒకటి చొక్కాలో దాచుకున్నాడు. మధ్యాహ్నం దాన్ని తీసి చూసుకుని మళ్ళీ దాచాడు" అని రాశాను. దానికి ఎర్ర గీత పడలేదు. ఇవాళ కోర్టుకి నేను రాసే ప్రతి రిపోర్టులోనూ ఆ ఎర్ర పెన్సిలు భయం ఉంటుంది. ఆ భయం నాకు మేలే చేసింది.

మూడోది కోర్టుకి తోడు వెళ్ళడం, నాలుగోది ఇళ్ళకి వెళ్ళడం, అయిదోది పని చూపించడం. ఒక్కో మెట్టుకీ ఒక్కో సంతకం. అన్నీ పూర్తిచేసిన వలంటీరుని మాస్టారు ఊరికే వదిలేవారు కాదు. సోషల్ వర్కు కోర్సుకి దరఖాస్తు పెట్టమనో, ప్రొబేషన్ ఆఫీసరు ఉద్యోగానికి రాయమనో వెంటపడేవారు. ఇష్టంగా చేసిన పనే జీతం ఇచ్చే పనైతే మనిషి దాన్ని ఇరవయ్యేళ్ళు చేస్తాడని ఆయన నమ్మకం. ఆయన దగ్గర ఆకురాయి పట్టినవాళ్ళలో ఎనిమిదిమంది ఇవాళ ఆ ఉద్యోగాల్లో ఉన్నారు. వాళ్ళలో నేనొకదాన్ని.

ఇంకొక రూలుండేది. నేను చేరిన మొదటిరోజే చెప్పారు. "గేటు లోపల తెలుగు వద్దమ్మా. నాతో అయినా హిందీలోనే మాటాడు." కార్ఖానా అలవాటు కాబోలనుకున్నాను. ఆయనంత తెలుగు మనిషి, బయట రోడ్డుమీద నాన్న కనిపిస్తే ఆగకుండా మాట్లాడే మనిషి, షెడ్డులోకి అడుగుపెట్టగానే హిందీలోకి మారిపోవడం నాకు తమాషాగా ఉండేది. కారణం అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

ఆ ఊళ్ళో పెరిగిన తెలుగువాళ్ళందరికీ ఒక అలవాటుంది. నలుగురిలో రహస్యం మాట్లాడాలంటే తెలుగులోకి వచ్చేస్తాం. బస్సులో, కొట్లో, డాక్టరు దగ్గర. పక్కన హిందీవాళ్ళుంటే వాళ్ళ చొక్కా గురించీ, మొగుడి గురించీ మొహం ముందే నిశ్చింతగా చెప్పేసుకుంటాం. నేనూ అలా పెరిగినదాన్నే.

నా కార్డు మీద సంతకం పెట్టిన కుర్రాడు ఏడాది తిరిగేలోగా బాండు మీద ఇంటికి వెళ్ళాడు. నెలకోసారి, మొదటి సోమవారం, మేజిస్ట్రేటు ముందు హాజరు కావాలి. మొదటిసారి వచ్చేటప్పటికి ఎక్కడో ఒకచోట పనిలో ఉన్నట్టు చూపించాలి. రాకపోయినా, పని లేకపోయినా బాండు రద్దవుతుంది. మూడేళ్ళపాటు దూరంగా ఉన్న సంస్కరణ పాఠశాలకి పంపేస్తారు. అతనికి పని చూపించడమే నా అయిదో మెట్టు.

ఆదిత్యపూర్ వైపు ఒక చిన్న లేతు మిషన్ల వర్క్‌షాపు యజమాని తెలుగాయన. కుర్రాణ్ణి తీసుకుని అక్కడికి వెళ్ళాను. ఆయన నన్ను చూడగానే, "ఏ ఊరమ్మా మీది? ఎవుల తాలూకు?" అని మొదలుపెట్టారు. మా తాతగారి ఊరు ఆయన అత్తవారి ఊరి పక్కదే. టీ వచ్చింది, ఆయన కూతురి చదువు సంగతి వచ్చింది, మా అమ్మ ఆరోగ్యం వచ్చింది. కుర్రాడు లేతు పక్కన నిలబడి గోడకేసి చూస్తున్నాడు. అంతలో ఆయన, "పిల్లోడు ఎలాటోడు?" అన్నారు. నేను అదే ఊపులో, అదే తెలుగులో, అతని కేసేమిటో మొత్తం చెప్పేశాను. ఏం కేసో ఇప్పుడు మళ్ళీ రాయను. చివర, "మంచివాడేనండీ, అయినా కొంచెం కనిపెట్టి ఉండండి" అన్నాను.

అదేదో పెద్దమనిషి తరహాగా అన్నాననుకున్నాను. ఆయన తలూపి, సోమవారం నుంచి రమ్మన్నారు.

అతను సోమ, మంగళ, బుధవారాలు పనికి వెళ్ళాడు. గురువారం వెళ్ళలేదు. శనివారం యజమాని మా ఇంటికి కబురు పంపించారు, పిల్లవాడు రావడం లేదని. తర్వాతి సోమవారం కాక ఆపై సోమవారం కోర్టు. ఏం జరిగిందో తెలియదు గాని, నేనేదో చేశానని మాత్రం అనిపించింది. ఆదివారం మాస్టారి దగ్గరకెళ్ళి చెప్పాను. ఆయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "నువ్వన్న మాట అన్నట్టుగా సెప్పు" అన్నారు. చెప్పాను. ముందు హిందీలో చెప్పబోతే ఆపి, "ఎలాగన్నావో అలాగే" అన్నారు. ఆ రూలు విన్నాక మొట్టమొదటిసారి ఆ షెడ్డులో తెలుగు మాట్లాడాను.

"ఆడి ఎదరనే అన్నావా?"

"తెలుగులో అన్నాను మాస్టారూ. అతనికేం తెలుస్తుంది?"

మాస్టారు నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కుర్చీలోంచి లేచి, సైకిలు తీసి, "పద" అన్నారు. "గేటు లోపల తెలుగు వద్దని సెప్పేను కదా. ఆ రూలు నాకెలా వచ్చిందనుకున్నావు? ట్రైనింగ్ షాపులో నేనూ ఒకపాలి నోరు పారేసుకున్నాను. ఆ అప్రెంటిస్ మరి రానేదు. ఎక్కడున్నాడో ఇప్పటికీ తెల్దు" అన్నారు. అప్పటికి ఆయనకి అరవై దాటాయి. ఆ మాట అంటున్నప్పుడు సైకిలు హ్యాండిల్ మీద చేతులు ఆడించుకుంటూ ఉండిపోయారు.

కుర్రాడి ఇల్లు బిర్సానగర్‌లో. సందు మొదట్లో టీ కొట్టు దగ్గర మాస్టారు ఆగిపోయారు. "నువ్వెల్లు. అన్నది నువ్వు" అన్నారు. నేను ఒక్కదాన్నే వెళ్ళాను. తల్లి గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. ఇంటి వెనక్కి చెయ్యి చూపించింది. అక్కడ ఇటుకల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఎప్పటిలాగే మర్యాదగా. పనికెందుకు వెళ్ళడం లేదని హిందీలో అడిగాను.

"కనిపెట్టి ఉండమన్నావు కదా, దీదీ" అన్నాడు. తెలుగులో. మా నాన్న మాట్లాడే తెలుగులో, యాస కూడా తప్పకుండా.

తెలుగెలా వచ్చని అడిగాను.

"మా అమ్మ స్టేషను కాలనీలో తెలుగోల్ల ఇల్లల్లో గిన్నెలు తోముతాది. నేను నడక రాకముందు నుంచి ఇంటన్నాను. ఆల్లూ అంతే, నా ఎదరే అన్నీ సెప్పుకుంటారు" అన్నాడు. కోపంగా అనలేదు. "మూడు రోజులూ ఆయన నా సేతులకేసే సూసేడు. నేను మిషనుకేసి సూడాలా, ఆయన్ని సూడాలా? పని ఎలా సేత్తాను?"

తప్పయిపోయిందన్నాను. తెలుగులో అన్నాను, హిందీలో అన్నాను. ఏడుపు కూడా వచ్చింది. నా ఏడుపు అతనికి ఇబ్బందిగా ఉన్నట్టుంది, ఇటుక మీద గోకుతూ కూర్చున్నాడు. చివరికి, "నాకు సెప్తే ఏటవుతాది దీదీ? ఆయనకి సెప్పు" అన్నాడు.

తిరిగొచ్చి మాస్టారికి చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "ఆడు నీకన్నా బాగా సెప్పేడు" అన్నారు. దారంతా సైకిలు నడిపించుకుంటూ నా పక్కన నడిచారు.

మంగళవారం వర్క్‌షాపుకి వెళ్ళాను. యజమాని ఈసారి టీ తెప్పించలేదు. నేనే ఆయన్ని పక్కకి పిలిచి, "నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది. నాకు ఆ హక్కు లేదు. అతను మీ దగ్గర పనివాడు, అంతే. మీరు అతన్ని పనివాడిలాగే చూడండి" అన్నాను. ఆయనకి కోపం వచ్చింది.

"ఇప్పుడు నన్నేటి సెయ్యమంటావమ్మా? సెవిలో పడ్డ మాట మర్సిపోమంటావా? నాను అడిగేనా నీకు, కేసు సెప్పమని? ఎలాటోడని అడిగేను. అంతేగదా!" అన్నారు.

ఆయన్నదాంట్లో తప్పు లేదు. నేను లేతుకేసి చూశాను. లేతు కింద ఇనుప రజను ఊడ్చి, ఒక డబ్బాలో పోసి, మూత పెట్టి ఉంది. "అదా? బుధవారం ఆ పిల్లోడే ఊడిసేడు. ఎవులూ సెప్పనేదు" అన్నారు ఆయన, విసుగ్గా. నేను సెలవు తీసుకుని వచ్చేశాను.

ఆ వారమే నా దరఖాస్తు. వేరే ఊళ్ళో సోషల్ వర్కు కోర్సు, అది చేస్తే ప్రొబేషన్ ఆఫీసరు ఉద్యోగానికి దారి. శనివారంలోగా పోస్టులో వెయ్యాలి. మాస్టారు సిఫార్సు ఉత్తరం రాసి ఉంచారు. వెనక్కి తగ్గుదామనే ఆయన ఇంటికి వెళ్ళాను. మాట జాగ్రత్త తెలియనిదాన్ని, పిల్లవాడి మూడేళ్ళు పోగొట్టేదాన్ని, నాకెందుకీ ఉద్యోగమని ఆయనతో అందామని దారంతా కూడబలుక్కుని వెళ్ళాను. ఆయన ఏమీ అననివ్వకుండా ఉత్తరం చేతిలో పెట్టారు. డ్రాయింగు మీద రాసినట్టు అన్నీ పెద్ద ఇంగ్లీషు అక్షరాలు. సారాంశం ఇది: ఈ అభ్యర్థి మా దగ్గర ఏడాది పని నేర్చుకుంది. ఈ నెలలో ఒక తప్పు చేసింది, దానివల్ల ఒక పిల్లవాడికి నష్టం కలగవచ్చు. ఎవరూ అడక్కముందే వచ్చి చెప్పింది. దిద్దడానికి వెళ్ళింది. అది దిద్దుకుందో లేదో ఈ ఉత్తరం రాసేనాటికి నాకు తెలియదు. అయినా ఈమెని తీసుకోమని సిఫార్సు చేస్తున్నాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. మానేద్దామని వచ్చిన సంగతే మర్చిపోయాను. "ఇలా రాస్తే ఎవరిస్తారు మాస్టారూ సీటు?" అని గట్టిగా అరిచాను.

"తప్పు సెయ్యనోల్ల గురించి నాకేటి తెల్సమ్మా, రాయడానికి? నా సర్వీసంతా తప్పు సేసి దిద్దుకున్నోల్లతోనే గడిసింది" అన్నారు. పక్కింటివాళ్ళు కిటికీలోంచి తొంగి చూశారు. "పోస్టులో ఎయ్యి. ఎయ్యకపోతే నేనే ఎత్తాను."

వేశాను. కోర్సు ఇంటర్వ్యూలో ఒక పెద్దాయన ఆ ఉత్తరం పైకి చదివి, ఏమిటీ తప్పు అని అడిగారు. పిల్లవాడి కేసు చెప్పకుండా నా తప్పు ఒక్కటే చెప్పాను. అక్కడున్న ముగ్గురూ కాసేపు మాట్లాడుకుని సీటిచ్చారు. ఇవాళ కొత్తగా వచ్చే వలంటీర్లకి నేను మొదటిరోజు చెప్పే సంగతి ఇదే. వాళ్ళు కాగితం మీద రాసుకుంటారు. నేను వాళ్ళ చేతికి ఆకురాయి ఇస్తాను. కొంతమంది మానేస్తారు, కొంతమంది ఉంటారు. ఉన్నవాళ్ళలో ఇద్దరు ఈ ఏడాది ఉద్యోగాల్లో చేరారు. మాస్టారికి ఆ కబురు రాస్తే, "జాబ్ కార్డుల నకళ్ళు దాచు" అని ఒకే వాక్యం జవాబు రాశారు. ఆయన నుంచి నాకు వచ్చిన ఆఖరి ఉత్తరం అది. ఇంకో రెండు వాక్యాలు రాసి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనిపిస్తోంది.

కానీ ఆయన పేరు తలుచుకుంటే నాకు ఇంటర్వ్యూ గుర్తుకు రాదు, ఉద్యోగమూ గుర్తుకు రాదు. ఆ సోమవారమే గుర్తుకొస్తుంది.

పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా మాస్టారూ నేనూ కోర్టు వరండాలో ఉన్నాం. నా చేతిలో రిపోర్టు. అందులో "ప్రస్తుతం పని" అన్నచోట ఏమీ రాయలేదు. చూడనిది రాయకూడదు కదా. పదిన్నర అయింది. ప్యూను ఒక్కొక్క పేరే పిలుస్తున్నాడు. ఒకరిద్దరు పిల్లలు తల్లులతో లోపలికి వెళ్ళి వచ్చారు. బిర్సానగర్ నుంచి వచ్చే బస్సు వచ్చి ఆగి వెళ్ళిపోయింది. అందులోంచి అతను దిగలేదు. నేను మళ్ళీ వెళ్ళి తీసుకొస్తానని లేచాను. మాస్టారు నా చీరకొంగు పట్టుకున్నంత పని చేశారు.

"కూకో. ఈడ్చుకొస్తే వచ్చినట్టు కాదు. ఆడి కాల్లతో ఆడు రావాల."

పదకొండుకి ప్యూను బయటికి వచ్చి కుర్రాడి పేరు పిలిచాడు. వరండాలో ఎవరూ కదల్లేదు. "ఇంకోపాలి పిలుత్తాడు" అన్నారు మాస్టారు. ఆయన గొంతు ఎప్పుడూ ఉన్నంత గట్టిగానే ఉంది గాని, జేబులోంచి చీటీ ముక్కలు తీసి మరింత చిన్నగా చింపుతున్నారు. ఆయనకీ అంత భయంగా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

అప్పుడు గేటులోంచి ఒక సైకిలు వచ్చింది. తొక్కుతున్నది కుర్రాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వెనక క్యారియర్ మీద ఆదిత్యపూర్ యజమాని కూర్చుని ఉన్నారు. అంత లావుపాటి మనిషి, రెండు కాళ్ళూ నేలకి తగలకుండా పైకి పట్టుకుని, ఒక చేత్తో సీటు పట్టుకుని, నదిమీద వంతెన దాటి అంత దూరం అలాగే వచ్చారు. సైకిలు ఆగగానే దిగి పంచె సర్దుకున్నారు. ముందురోజు తానే బిర్సానగర్ వెళ్ళి పిల్లవాణ్ణి మళ్ళీ పనికి పిలుచుకొచ్చానని, మోకాలి నొప్పివల్ల తొక్కలేనని నాకు సంజాయిషీ చెప్పుకున్నారు.

"ఇన్న మాట మర్సిపోనేనమ్మా. నాకు సేత కాదు" అన్నారు రొప్పుతూ. "గాని ఆ మూడ్రోజులు సూసిందీ మర్సిపోనేను కదా. జడ్జీగారికి ఎక్కడ సంతకం పెట్టాలో సెప్పు."

ఆయన మెట్లెక్కి లోపలికి వెళ్ళిపోయారు. కుర్రాడు సైకిలుని గోడవారన నిలబెట్టి, వంగి తాళం వేశాడు. అది యజమాని సైకిలు. తాళంచెవి ఇవ్వడానికి అతను ఆయన వెనక పరిగెత్తలేదు, ఆయనా వెనక్కి తిరిగి అడగలేదు. కుర్రాడు తాళంచెవిని చొక్కా జేబులో వేసుకున్నాడు. లోపల తన పేరు రెండోసారి పిలుస్తుంటే, నడుస్తూనే జేబు గుండీ పెట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి వెళ్ళాడు. మాస్టారూ నేనూ వరండాలో నిలబడి, లోపలికి వెళ్ళిపోయేదాకా ఆ జేబుకేసే చూశాం.